సూరన్న బాబాయ్ రాయించిన తప్పు

ఇప్పుడు మీటలు నొక్కితే చాలు. ఒకదానికి హూటర్ మోగుతుంది, ఎర్రదీపాలు వెలిగి ఆరుతుంటాయి, ఇంకోదానికి పెందుర్తి రోడ్డుకి అడ్డంగా రైలు గేటు దానంతటదే దిగుతుంది. ఆ మోత చెవిన పడితే నాకు సూరన్న బాబాయ్ గుర్తొస్తాడు. ఆయన రోజుల్లో ఈ హంగులేవీ లేవు. ఎర్రజెండా, ఈల, చేత్తో తిప్పే ఇనుప పిడి, వీటన్నిటికీ మించి ఆయన అరుపు.

తొంభైల మొదట్లో నాన్న పోతే గేటు కాపలా ఉద్యోగం నాకిచ్చారు. అమ్మకీ ఇద్దరు చెల్లెళ్లకీ నేనే ఆధారం. పని నేర్పడానికి, రిటైర్మెంటుకి రెండు నెలలున్న సూరన్నను పెట్టారు. రైలు వెళ్లిపోయినా సరే, రెండో లైను ఖాళీ అని స్టేషన్ మాస్టరు ఫోన్లో చెప్పాకే పిడి ముట్టుకోనిచ్చేవాడు. "కంటితో సూసి తీసీకు పిల్లా, ఫోన్లో అడిగి తియ్యి" అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్నాడు. గూడ్సు వెళ్లింది. రెండువైపులా ఆటోలు, ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు, ఒకటే హారన్లు. నా బుర్ర పనిచేయలేదు. ఫోను సంగతి మరిచి పిడి తిప్పాను. గేటు సగం లేచిందో లేదో ఒక ఆటో పట్టాల దాకా వచ్చేసింది. సూరన్న ఎంగిలి చేత్తోనే పరిగెత్తి, ఆటోని వెనక్కి నెట్టి, గేటు దింపాడు. రెండో లైన్లో పాసింజరు దూసుకుపోయింది.

చేయి కడుక్కొచ్చి, గేటు తీసిన వేళా మూసిన వేళా రాసే పుస్తకం తెరిచాడు.

"ఎవలికీ ఏటీ అవలేదు కదా బాబాయ్. రాత్తే నా ఉజ్జోగం పోతాది," అని ఏడ్చాను.

"రాయకపోతే రేపు మళ్లీ సేత్తావు. నీకంటే ముందు నాను రాత్తన్నాను గదా."

నిజంగానే రాశాడు: "నేర్చుకునే మనిషికి పిడి వదిలి అన్నానికి కూర్చున్నాను. తప్పు నాది." ఆ కింద నా తప్పు నేను రాశాను. నన్ను మందలించి వదిలేశారు. ఆయన్ని విచారణకి పిలిచారు. ముప్ఫై ఏళ్లు మచ్చ లేకుండా పనిచేసిన మనిషి, చివరి నెలలో తలవంచుకుని నిలబడ్డాడు. రిటైరైన రోజు దండ వేయడానికి పైవాళ్లెవరూ రాలేదు. నేను వెళ్లాను గానీ మొహం చెల్లక గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏటలా నిలబడిపోనావు? డూటీకి టైమైపోతంది, ఎల్లు," అన్నాడు.

ఇప్పుడు కొత్తవాళ్లకి నేర్పేది నేనే. మొన్న నా దగ్గరున్న అమ్మాయి హూటర్ మోగించకుండా గేటు దింపేసింది. అది సైకిలు మీద వస్తున్న పెద్దాయన భుజానికి రాసుకుంటూ దిగింది. ఆయనకేమీ కాలేదు, తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆ పిల్ల బెదురుచూపులు చూస్తే దాచేద్దామనే అనిపించింది, అబద్ధమెందుకు. నేనూ వచ్చే ఏడు రిటైరవుతాను.

పుస్తకం తెరిచి, ముందు నా పేరు రాశాను.