మహాలక్ష్మి నోట్సు అంచుల్లో

ఈ రోజు మధ్యాహ్నం నేను కెమిస్ట్రీ చెప్పే జూనియర్ కాలేజీలో మహాలక్ష్మి టీసీ తీసుకుంది. ఎంపీసీ మానేసి సీఈసీలో చేరుతుందట.

"ఆర్గానిక్ కెమిస్ట్రీ తలకెక్కట్లేదంటండి మాస్టారూ. పుస్తకం ముందేసుకుని ఏడుస్తుందండి" అన్నాడు వాళ్ల నాన్న. పాలకొల్లు మార్కెట్లో చేపలమ్ముతాడాయన.

దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, జూనియర్లకు పనికొస్తుందని ఆమె నోట్సు అడిగాను. తటపటాయిస్తూనే ఇచ్చింది. అక్కడే తెరిచాను. బెంజీన్ పాఠం పొడుగునా అంచుల్లో పెన్సిలుతో ప్రశ్నలు. 'డబుల్ బాండ్లు ఒకచోట ఎందుకు ఉండవు?' 'బాణం గుర్తు ఎలక్ట్రాన్ల దగ్గరే ఎందుకు మొదలవ్వాలి?' ప్రతి ప్రశ్న కిందా ఒకటే జవాబు: 'పరీక్షకు రాదు.'

"ఎవరమ్మా ఇలా చెప్పింది?"

"మీరేనండి" అంది తల దించుకుని.

సిలబస్ తొందరలో అనే ఉంటాను. ఆ జవాబులన్నీ నాకు తెలుసు, అదీ నా ఘనత! కూర్చోమ్మా, ఇప్పుడు చెబుతానన్నాను.

"ఇప్పుడెందుకులెండి సార్" అంది.

బట్టీపట్టిన వాళ్లంతా పాసవుతారు. అర్థం చేసుకోవాలనుకున్న ఒక్క పిల్లా తనకు చదువు రాదనుకుని వెళ్లిపోయింది.

మీ నోట్సు అంచుల్లోనూ ఇలాంటి ప్రశ్నలు మిగిలిపోయి ఉంటే కింద కామెంట్లలో రాయండి. పరీక్షకు రాకపోయినా చెబుతాను.