క్యాబేజీ అందించిన చెయ్యి

మా మేవిస్ అత్తయ్య మొహం తెలిసినవాళ్ళు ఇంగ్లండులో మా ఊరు లీడ్స్‌లోనే తక్కువ. ఆమె కుడిచేతిని మాత్రం ఒకప్పుడు దేశమంతా చూసింది. "తలుపు తట్టు" అనే టీవీ ఆటలో మూడు తలుపులుండేవి. ఒకదాని వెనక కారు, ఇంకోదాని వెనక కుట్టుమిషను. మూడోది తట్టి ఓడినవాళ్ళకు చిన్న కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి క్యాబేజీ అందించేది. పదకొండేళ్ళు ఆ చెయ్యి అత్తయ్యదే. జనం కారుకన్నా క్యాబేజీకే ఎక్కువ కేకలు పెట్టేవారు. ఒక్కసారైనా తన మొహం నలుగురికీ కనబడాలని అత్తయ్యకు మహా కోరిక. అది తీరకముందే ఆట ఆగిపోయింది.

తర్వాత దాన్ని మళ్ళీ మొదలుపెడతారని విన్నప్పుడల్లా అత్తయ్య ఆశగా వెళ్ళి జుట్టు సెట్ చేయించుకునేది. మొదటిసారి, ఓడినవాళ్ళను నవ్వులపాలు చేయకూడదంటూ క్యాబేజీ తీసేశారు. ఆరు వారాల్లో మూతపడింది. రెండోసారి తలుపు తెరిచేముందు డప్పులు, ఉత్కంఠ, ఆపైన ప్రకటనలు. జనం లేచెళ్ళి టీ కాచుకుని తాగి వచ్చినా తలుపు మూసే ఉండేది. "ఈ వెధవలకు తలుపు తియ్యడం కూడా చేతకాదురా!" అని అత్తయ్య టీవీని తిట్టిపోసింది. నాకూ ఒళ్ళు మండింది.

మూడోసారి, పోయినేడాది, పాతరోజుల గుర్తుగా ఆ చెయ్యే కావాలని కబురొచ్చింది. డెబ్బయ్యారేళ్ళ మనిషిని నేనే స్టూడియోకి తీసుకెళ్ళాను. ఛానెల్‌వాళ్ళకు ముందు చూపించడానికి నమూనాగా ఒక భాగం తీస్తున్నారు. మధ్యలో కంప్యూటరుతో నడిచే కొత్త తలుపు బిగుసుకుపోయింది. రెండొందలమంది ప్రేక్షకులు ఆవలిస్తూ కూర్చున్నారు. ఇంతలో కిటికీలోంచి క్యాబేజీ, వెనకే తల, భుజాలు, చివరికి అత్తయ్య మొత్తం బయటికి పాకి వచ్చేసింది.

"ఎవర్రా ఓడింది? ఇలా రా నాయనా, సిగ్గుపడకు!"

హాలంతా గొల్లుమంది.

"అమ్మా, మీరు లోపలికెళ్ళండి, మళ్ళీ తీద్దాం," అన్నాడు దర్శకుడు.

"కుదరదు బాబూ. రావడానికే నడుం విరిగింది!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనైతే ఈల వేశాను.

ఛానెల్‌వాళ్ళు మాత్రం తలుపే తెరుచుకోని ఆటేమిటని దాన్ని పక్కన పడేశారు. ఇక ప్రసారం కాదని ఉత్తరం వచ్చిన రోజు అత్తయ్య ఏడ్చింది. "ఇంక నన్నెవరు చూస్తారురా?" అంది.

మర్నాడు బస్సులో ముందు సీటావిడ వెనక్కి తిరిగి అత్తయ్యను తేరిపార చూసింది. "ఏవండీ, కిటికీలోంచి పాకి వచ్చింది మీరే కదూ? ఆ రోజు నేనక్కడే ఉన్నా. మావారికి చెప్పి చెప్పి నవ్వా. ఏదీ, వీళ్ళకీ చెప్పండి!"

అత్తయ్య లేచి, కడ్డీ పట్టుకుని మొదలుపెట్టింది. బస్సంతా ఆమె మొహమే చూస్తోంది. మేం దిగాల్సిన స్టాపు దగ్గరపడింది. బస్సు ఆపమని గంట నొక్కబోయాను. అత్తయ్య నా చెయ్యి మీద ఒక్కటేసింది.