ఫ్యూజు బదులు రాగి తీగ

మా ఆయన ఇల్లందు బొగ్గు గనిలో ఫిట్టరు. తోటి ఉద్యోగి దగ్గర ఒక పాత కారు కొన్నారు. మా పెళ్లికి ఎన్నేళ్లో ఆ కారుకూ అన్నేళ్లు, ఇరవై రెండు. కొన్న నెలలోనే దానికి లారీ హారన్, రెండు పెద్ద లైట్లు, పాటలకు స్పీకర్లు, వెనక సీట్లో అత్తమ్మ కోసం చిన్న ఫ్యాను తగిలించారు. వైర్లన్నీ తనే లాగి టేపు చుట్టారు. అన్నీ ఒక్కసారి నడిస్తే ఫ్యూజు పోయేది. మూడోసారి పోయినప్పుడు ఆ జాగాలో రాగి తీగ ముక్క పెట్టి, "ఇగ జన్మల పోదు" అన్నారు.

నిజంగానే పోలేదు. తంటా అంతా దాంతోనే వచ్చింది.

ఒక ఆదివారం ముగ్గురం పర్ణశాల బయల్దేరాం. భద్రాచలం దాటి అడవి దారి పట్టాక కాలిన వాసన మొదలైంది.

"ఏదో కాలుతున్నదయ్యా," అన్నాను.

"అడవిల ఎవరో ఆకులు కాలవెడుతున్నరు," అన్నారాయన.

రెండు కిలోమీటర్లు పోయినా వాసన పోలేదు. వెనక నుంచి అత్తమ్మ అడిగింది: "ఏందిరా, ఆ అడవి మన ఎంబడే వస్తున్నదా?"

అంతలో హారన్ దానంతట అదే మోగడం మొదలుపెట్టింది. తన తప్పేమీ లేదన్నట్టు ఆయన స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి చూపించారు. ముందు పోతున్న లారీ పక్కకు తప్పుకుని ఆగింది. మా డాష్‌బోర్డు కింద నుంచి పొగ రావడంతో మేమూ ఆగిపోయాం. నేను దిగి వెనక తలుపు తీస్తే, పులిహోర డబ్బా దొరకందే దిగనంటుంది అత్తమ్మ. డబ్బాతో సహా ఆమెను బయటికి గుంజాను.

లారీ డ్రైవరు కోపంగా దిగి వచ్చాడు. "సైడ్ ఇచ్చిన గదా, ఇంకేంది ఆ హారన్?" అన్నవాడు పొగ చూసి ఆగిపోయాడు. మా ఆయన నీళ్ల సీసా మూత తిప్పుతున్నారు.

"నీళ్లు పోయకు సార్! ముందు కీ తియ్యి!"

పరుగున పానా తెచ్చి బ్యాటరీ వైరు ఊడదీశాడు. హారన్ టక్కున ఆగింది. డాష్‌బోర్డు కింద చిన్న మంట కనిపిస్తోంది. ఇద్దరూ రోడ్డు పక్క ఇసుక దోసిళ్లతో చల్లి ఆర్పారు. వేడి తగ్గాక డ్రైవరు లోపలికి వంగి చూశాడు.

"ఫ్యూజు జాగల తీగ వెట్టిందెవరు?"

"మెకానిక్," అన్నారు మా ఆయన, ఎటో చూస్తూ.

"ఆ మెకానిక్‌ను కన్నది నేనే బిడ్డా," అంది అత్తమ్మ.

డ్రైవరు పడి పడి నవ్వాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయన నల్లబడ్డ సీటును చూసి, "ఇంకొంచెం సేపు ఆపకపోతే..." అన్నారు.

డ్రైవరు లారీని వెనక్కి తిప్పి, తాడు కట్టి కారును భద్రాచలంలో ఒక ఎలక్ట్రీషియన్ షెడ్డు దాకా లాగాడు. అక్కడి పెద్దాయన గడ్డం నిమురుకుంటూ వైర్లు చూశాడు.

"సాబ్, ఫ్యూజు పోయిందంటే కారు మిమ్మల్ని పిలుస్తున్నట్టు. మీరు దాని నోరు కుట్టేసిండ్రు."

అత్తమ్మా నేనూ ఆటోలో పర్ణశాల వెళ్లొచ్చాం. మా ఆయన రాలేదు. సాయంత్రం దాకా ఆ పెద్దాయన పక్కనే కూర్చుని, అడిగిన పనిముట్టల్లా అందించారట. మనిషి ఒక్క సలహా కూడా ఇవ్వలేదని పెద్దాయన చెబితే నేను నమ్మలేదు.