పొట్లాలకు పనికిరాని పుస్తకం

భీమవరం నుంచి అమలాపురం వెళ్ళాలంటే నరసాపురం చేరి, రేవు దాటి, సఖినేటిపల్లిలో బస్సెక్కడం ఒక దారి. నేను ఆ దారిన వెళ్ళలేదు. నరసాపురంలో ఆ రేవుకు పోయే వీధిలోనే నాకు చదువు చెప్పిన మాష్టారి ఇల్లు. తెల్లవారేసరికి ఆయన అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆయన కంట పడటం కంటే తణుకు, రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి పోవడమే నయమనుకున్నాను. పదిహేనేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్న మనిషిని, బడి ఎగ్గొట్టినదానిలా సందుల వెంట నడిచి బస్టాండు చేరాను. తొంభైల చివర్లో, ఒక ఫిబ్రవరి శనివారం. బస్సు కదిలేసరికి అయిదూ నలభై.

సంగతేమిటంటే, మాష్టారి పుస్తకం పోగొట్టాను. గోదావరి జిల్లాల పాటలు, ఆటల చరిత్ర అది. నీలం అట్ట, నాలుగొందల పేజీల పైమాట. అచ్చులో ఉన్నది ఎవరో రాసిందే గానీ, అంచుల్లో ముప్పై ఏళ్ళపాటు సిరాతో రాసుకున్నదంతా మాష్టారు ఊరూరా తిరిగి పోగేసింది. ఎక్కడా ఇంకో ప్రతి లేదు. ఆ రాతల ఆధారంతోనే ఆయన సొంత పుస్తకం రాయాలి. నేను అమలాపురంలో పనిచేసే రోజుల్లో చదివి ఇస్తానని తెచ్చుకున్నాను. తరవాత భీమవరం బదిలీ అయింది.

వచ్చేసేటప్పుడు అద్దె ఇంట్లో రెండు బస్తాలు వదిలాను. ఒకదానిలో పుస్తకాలు, ఒకదానిలో పాత పరీక్ష పేపర్లు. "గుమ్మం పక్కనున్న బస్తా కాగితాలవాడికి ఇచ్చెయ్యండి" అని ఇంటావిడకు చెప్పాను. ఆ రాత్రే వాన కురిసి వసారాలోకి నీళ్ళు వచ్చాయట. ఆవిడ పాపం రెండు బస్తాలూ బల్లెక్కించి, ఎండాక దింపారు. దింపేటప్పుడు అటుది ఇటు, ఇటుది అటు అయింది. తరవాత నేను జాగ్రత్తగా లారీలో తెప్పించుకున్నది పిల్లల జవాబు పత్రాల బస్తా. అదైనా విప్పి చూశానా? ఏడాదిన్నర విప్పలేదు!

అప్పుడు మాష్టారి కార్డు వచ్చింది. ముత్యాల్లాంటి ఆయన అక్షరాలు ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కేసి ఉన్నాయి. "చూపు నెలనెలా తగ్గుతోంది. ఉన్న చూపుతో పని ముగించాలి. పుస్తకం వెంటనే పంపు." బస్తా విప్పాను. అన్నీ జవాబు పత్రాలే. ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి ఇంటావిడకు ఫోన్ చేస్తే, "మీరే కదండీ గుమ్మం పక్కది ఇచ్చెయ్యమన్నారు! గడియారస్తంభం దగ్గర పాతపుస్తకాల బుల్లియ్య గారే పట్టుకెళ్ళేరండి" అన్నారు.

రావులపాలెంలో ఏడూ నలభైకి దిగాను. రోడ్డు పక్కన అరటిగెలలు బారులు తీరి ఉన్నాయి. బస్టాండు ఎదుట ఇడ్లీ, అల్లం పచ్చడి బాగుంటాయి. ఆ రోజు రుచి తెలియలేదు. ఎనిమిదిన్నరకు కొత్తపేట మీదుగా వెళ్ళే అమలాపురం బస్సు దొరికింది. పక్క సీటులో ఒకావిడ కూర్చున్నారు. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ప్రతి శనివారం పదకొండు గంటలకు అమలాపురంలో ఒక ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తాడు. అందుకోసం వెళుతున్నారు.

"బస్సు లేటైతే వారం దాకా మాట లేదండి. అందుకే రెండు బస్సులు ముందే బయల్దేరిపోతానండి" అన్నారామె.

కొత్తపేట దాటాక ఆమె జంతికల పొట్లం విప్పి నాకూ పెట్టారు. కాగితం మీద అచ్చు కనబడింది. నా చేతిలో జంతిక చేతిలోనే ఉండిపోయింది. పొట్లం మర్యాదగా అడిగి తీసుకుని, నూనె మరకలు తుడిచి, వెనకా ముందూ చదివాను. ఎవరిదో ఎరువుల ప్రకటన.

"ఏటండీ అలా చూస్తున్నారు? ఎవరిదైనా అడ్రసుందాండి?" అన్నారామె నవ్వుతూ.

సంగతి చెప్పాను. ఆమె నవ్వాపుకుని, "అయ్యో, కంగారు పడకండి. దొరుకుద్దండి" అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు కళ్ళు చెమర్చాయి. అంత బేలనైపోయి ఉన్నాను.

పదీ పావుకు అమలాపురం. బుల్లియ్య గారి కొట్టు అంటే ఒక తాటాకు పందిరి, కింద గోనెలు, వాటి మీద గైడ్లు, డిటెక్టివ్ నవలలు, కాగితపు దొంతరలు. అరవై ఏళ్ళ మనిషి, నుదుటి మీదికి నెట్టిన కళ్ళద్దాలు. నేను వివరం మొదలుపెట్టగానే ఆపేశారు.

"నీలం అట్టేనాండి? అంచులనిండా చీమలబారులా సిరా రాతేనాండి? ఆయ్, అదేనండి, అదే! అది నన్ను పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావండి."

"ఏం చేశారండీ దాన్ని?" అన్నాను.

"పొట్లాలోళ్ళకి తూకానికి ఇచ్చేనండి."

పక్కనే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. ఆయన గాభరాపడి మంచినీళ్ళు అందించారు.

"పూర్తిగా వినండమ్మా! పాత పుస్తకం కాగితం మడత పడదండి. మడతెడితే అప్పడంలా విరుగుద్ది. పప్పు పోస్తే అడుగునించి కారిపోద్ది. పొట్లాలోళ్ళు ఒక్క కాగితం విరగ్గానే తిట్టుకుంటా తెచ్చి నా మొహాన పడేసేరండి. కొత్త పుస్తకాలైతే పోయేవే!"

పనికిరాక బతికిందన్నమాట! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మరి ఇప్పుడెక్కడుందండీ?"

"అలా మడత పడనివన్నీ రాజోలు పోతాయండి. దేవదానం మాష్టారని, రిటైరైన హెడ్మాష్టరు గారు. నెలకోసారి వచ్చి, ఎవరికీ అక్కరలేనివి ఏరుకుంటారండి. చర్చి వెనక ఇల్లు. ఎవర్నడిగినా చెప్తారు."

పదకొండున్నర బస్సుకు రాజోలు బయలుదేరాను. అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల రాశులు, పి.గన్నవరం దగ్గర అక్విడక్టు. కింద నది, పైన కాలవ, కాలవ పక్కన మన బస్సు. మొదటిసారి వెళ్ళేవారు కిటికీ వైపు సీటు చూసుకోండి. నేను మాత్రం, ఆయన ఆ పుస్తకం ఎవరికైనా ఇచ్చేసి ఉంటే ఎలాగా అని కొంగు మెలిపెడుతూ కూర్చున్నాను.

ఒంటిగంటకు దేవదానం మాష్టారి గుమ్మంలో ఉన్నాను. తెల్లపంచె, బనీను, సన్నటి మనిషి. ముందుగది మూడు గోడలకూ పుస్తకాలే. నేను నీలం అట్ట అనగానే ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఆ రాతలు రాసినాయన మీకేమవుతారండి?"

"మా మాష్టారండీ."

"గట్టివాడండి. ఏడు నెలలై ఆయనతో తగువాడుతున్నాను. ముందు కూర్చోండి, అన్నం తినండి. పస్తు కడుపుతో పుస్తకం పట్టుకెళ్తానంటే ఇవ్వను."

వాళ్ళ కోడలు అన్నం, కొబ్బరి పచ్చడి, చింతకాయ వేసిన చేపల పులుసు వడ్డించింది. రెండుసార్లు మారు వేయించుకున్నాను. చేయి కడుక్కుని వచ్చేసరికి పుస్తకం బల్ల మీద ఉంది. మొదటి పేజీ ఒక మూల విరిగింది, అంతే. గుండెకు హత్తుకున్నాను. సిగ్గేమీ పడలేదు.

తెరిచి చూస్తే మళ్ళీ ప్రాణం పోయినంత పనైంది. మాష్టారి సిరా రాతల కింద, చోటున్నచోటల్లా పెన్సిలుతో సన్నటి రాత. "కాదండి." "ఇది మా వైపు వేరు." "సగమే విన్నారు." పేజీ తిప్పితే పేజీ. మా మాష్టారు పుస్తకంలో ఇంకొకరి గీత కనబడితే అగ్గి మీద గుగ్గిలమవుతారు. పైగా పుస్తకం నా చేయి దాటిందని ఇట్టే తెలిసిపోతుంది.

"ఏమనుకోకండి, ఇవి చెరిపేస్తే..." అని నసిగాను.

ఆయన ముఖం చిన్నబోయింది. అయినా లేచి రబ్బరు తెచ్చారు. "పెన్సిలే కదండి. పుస్తకం మీది" అని చివరి అధ్యాయం నుంచి మొదలుపెట్టబోయారు. ఆ పేజీలో అచ్చువేసింది ఒక ఊడ్పు పాట. పక్కన మాష్టారి సిరా: "వరస పోయింది. ఎనిమిది ఊళ్ళు తిరిగాను. పాడేవారు లేరు." దాని కింద పెన్సిలు: "పోలేదండి. మా అమ్మమ్మ నాట్లలో పాడేది. ఇప్పుడు మా పేటలో క్రిస్మస్‌కి పాడుతున్నాం. మాటలు వేరు, వరస అదే. మీరు ఊళ్ళు తిరిగేరు గాని ఊరవతల పేటల్లోకి వచ్చినట్టు లేదు."

రబ్బరు పట్టుకున్న ఆయన చేతిని ఆపేశాను. "వద్దండీ. ఒక్కటి కూడా చెరపకండి."

"తిడతారేమోనండి మిమ్మల్ని."

"తిట్టనివ్వండి. వరస ఒక్కసారి పాడి వినిపిస్తారా?"

ఆయన కళ్ళు మూసుకుని, బల్ల మీద అరచేత్తో దరువు వేస్తూ పాడారు. వంగి, నారు నాటి, ఒక అడుగు వెనక్కి వేసే పని ఆ దరువులో అలాగే ఉంది. లోపలినుంచి కోడలు గొంతు కలిపింది. నాకు పాట రాదు గనక దరువు మాత్రం వేళ్ళతో నేర్చుకున్నాను.

రెండూ ముప్పావుకు సఖినేటిపల్లి ఆటో, మూడున్నరకు రేవులో పంటి. రెండు పడవల మీద బల్లలు పరిచి, మనుషుల్నీ, స్కూటర్లనీ, కూరగాయల గంపల్నీ కలిపి ఎక్కిస్తారు. టికెట్టు పెద్ద లెక్కలోది కాదు. ఎండ తగ్గి గాలి హాయిగా తగులుతోంది. పొద్దున తప్పించుకు తిరిగిన వీధికి ఇప్పుడు నా కాళ్ళతో నేనే పోతున్నాను. భయం ఉంది, కానీ పుస్తకం ఒళ్ళో ఉంది. కార్డు వచ్చాక మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకున్నాను.

మాష్టారు అరుగు మీదే ఉన్నారు. నా అడుగుల చప్పుడుకు "ఎవరూ?" అన్నారు. మూడడుగుల దూరంలో నిలబడ్డ నన్ను ఆయన చూడలేకపోయారు. సిద్ధం చేసుకున్న అబద్ధాలు ఒక్కటీ చెప్పలేదు. బస్తాల దగ్గరనుంచి రబ్బరు దాకా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన "చివరి అధ్యాయం చదువు" అన్నారు.

చదివాను. పేటల్లోకి వచ్చినట్టు లేదన్న మాట దగ్గర నా గొంతు సన్నబడింది. "గట్టిగా చదవవే" అన్నారు. మళ్ళీ చదివాను. తరవాత కుర్చీ చేతి మీద దరువు వేశాను. రెండో ఆవర్తానికి ఆయన వేళ్ళు కూడా కుర్చీ మీద కదిలాయి.

అప్పుడు అన్నారు: "నిజమే. పెద్దవీధుల్లోనే తిరిగాను. ఎవరింట్లో భోజనం పెడితే అక్కడే పాటలూ ఉంటాయనుకున్నాను."

పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన పుస్తకం అంచుల మీద వేళ్ళతో తడుముతున్నారు, పెన్సిలు రాత చేతికి తగులుతుందేమో అన్నట్టు. ఉన్నట్టుండి కసిరారు.

"పోగొట్టేదానివి రెండేళ్ళ ముందే పోగొట్టి ఉండకూడదూ! నా కళ్ళతో నేనే చదువుకునేవాణ్ణి కదే!"

ఆ తిట్టు తినడానికి నేను కోనసీమ అంతా చుట్టి వచ్చాను. అంతలోనే తేరుకుని, "రేపు పొద్దున మొదటి పంటి ఎన్నింటికో కనుక్కుని రా. రాజోలు వెళదాం. నువ్వు రాద్దువుగాని, నేను వింటాను" అన్నారు.

రేవుకు వెళ్ళి అడిగొచ్చాను. ఆరు గంటలకు. రాత్రికి ఇంటికి వెళ్ళి చీర మార్చుకుని, తెల్లవారకముందే వచ్చేయాలి. సాయంత్రం ఆరూ పావు ప్యాసింజరు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఈ చుట్టు తిరగాలనుకునేవారు ఒక్క రోజులో తిరిగి రావచ్చు. ఇడ్లీకి రావులపాలెం, చూడటానికి గన్నవరం అక్విడక్టు, పాత పుస్తకాలకు అమలాపురం. నాకు మాత్రం ఆ రోజు అన్నిటికంటే బాగున్నది దిగులు లేకుండా కూర్చున్న ఈ గంట ప్రయాణమే. పాలకొల్లులో ఆకలేసి వేరుశనగకాయల పొట్లం కొనుక్కున్నాను. భీమవరం చేరేలోగా అన్నీ తినేసి, కాగితం నలిపి బయట పడేశాను. దాని మీద ఏముందో చూడలేదు.