పాపాయి సోడా, ఢిల్లీ గ్యాసు

కొవ్వూరు దాటాక, నల్లరాతి క్వారీల పక్కనున్న ఊళ్ళో పాపాయి గోలీసోడా తాగని మనిషి లేడు. సోడా మిషను ఎంత జోరుగా తిప్పేదో, ఆవిడ మాటా అంతే జోరు. భర్త వీరాస్వామి మాత్రం పొద్దుణ్ణుంచి రాత్రిదాకా మాట్లాడిందంతా కలిపినా ఒక్క సీసా నిండదు.

2008 ఎండాకాలంలో క్వారీ పక్క పోరంబోకులోకి పెద్ద డ్రిల్లింగు లారీ వచ్చి ఆగింది. వెనకే జీపులోంచి మురళీకృష్ణ అనే కుర్ర సైంటిస్టు దిగి, తిన్నగా సోడా కొట్టుకొచ్చాడు. కరెంటు ఫ్యాక్టరీల పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టి, భూమి అడుగున నల్లరాతిలో దాచొచ్చేమో చూడమని ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చి పంపిందట.

"అదేం గ్యాసండీ?" అంది పాపాయి, సోడా అందిస్తూ.

"మీ సోడాలో ఉండే గ్యాసేనండి."

పాపాయి మిషను తిప్పడం ఆపేసింది. అలాంటి వింత ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

"సిలిండరు కోసం నేను రాజమండ్రి వెళ్ళి, బస్సు కండక్టర్ని బతిమాలుకుని తెచ్చుకుంటున్నానా! మీరు దాన్ని పాతరేస్తారా? పైగా గవర్నమెంటు ఎదురు డబ్బులిచ్చి? ఆ పైపేదో మా కొట్టు మీదుగా వెయ్యండి బాబూ!"

మర్నాటికి ఊరంతా గుప్పుమంది. బోరునీళ్ళు బుసబుసా పొంగుతాయని ఒకరు, కొబ్బరిబోండాం కొడితే పేలుతుందని ఇంకొకరు, గేదెలకి త్రేన్పులు ఆగవని మరొకరు. ఇలా కాదని సర్పంచి తాతాజీ పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించి మీటింగు పెట్టాడు. సోడాలు పాపాయివే. పెద్దమనుషులు తాగేవి కదా అని ఆవిడ గ్యాసు కాస్త ఎక్కువే పట్టింది. వీరాస్వామి ఆ సోడా కేసులు మోసుకొచ్చి, నీడంతా జనమే ఆక్రమించడంతో, ఎండలో దింపాడు.

మురళీకృష్ణ బోర్డు మీద బొమ్మ గీశాడు.

"ఇప్పుడే నింపడం కాదండి. ప్రభుత్వం డబ్బిచ్చింది రాయిని పరీక్ష చెయ్యడానికే. రేపెప్పుడో నింపినా, అంత లోతున గ్యాసు మెల్లగా రాతిలో కలిసి రాయైపోతుంది."

"బయటికొస్తే?" అన్నారెవరో వెనకనుంచి.

"రానే రాదండి. పైనున్న పొర గట్టి మూతలాగా..."

ఢామ్మంది. కాగిన సీసా ఒకటి పగిలి, దాని దెబ్బకు పక్కదీ, ఆ పక్కదీ అందుకున్నాయి. జనం చెప్పులు వదిలేసి పరుగో పరుగు. తాతాజీ బల్లకిందికి దూరాడు. మురళీకృష్ణ చొక్కా తడిసి ముద్దయింది. షామియానా గుంజ పట్టుకుని వీరాస్వామి ఒక్కడే నిలబడ్డాడు.

"ఎండ," అన్నాడు. ఆ సభలో చివరి ప్రసంగం అదే.

పాపాయికి అన్నం సహించలేదు. "నా వల్ల గవర్నమెంటు పని చెడిందా బాబూ?" అని లారీ దగ్గరికే వెళ్ళి అడిగింది. మురళీకృష్ణ నవ్వేశాడు, పని ఆపలేదు. కానీ వానలు మొదలయ్యేసరికి లారీ తనంతట తనే ఆగింది. మురళీకృష్ణ సెలవు తీసుకోవడానికి కొట్టుకొచ్చాడు.

"రెండో విడత డబ్బు రాలేదండి. ఢిల్లీలో ఫైలు ఆగిపోయింది."

"మా సోడా సంగతి తెలిసిపోయిందేమో!"

"వాళ్ళకి ఈ ఊరుందనే తెలీదండి."

ఆ మాటకు పాపాయికి ప్రాణం కుదుటపడింది, రోషం కూడా వచ్చింది. "పోనీ, రాయి మంచిదేనా?"

"మంచిదేననిపించిందండి. ఇంకా లోతుకి వెళ్ళి చూడాలి," అన్నాడతను, క్వారీ వైపు చూస్తూ. ఆవిడకి జాలేసి, అడక్కుండానే ఇంకో సోడా కొట్టి ఇచ్చింది.

జీపు వెళ్ళిపోగానే తాతాజీ ఫ్లెక్సీ కట్టించాడు: 'గ్యాసును తరిమికొట్టిన వీరనారి పాపాయిగారికి సన్మానం'. శాలువా కప్పి, మైకు చేతికిచ్చాడు.

"నేనేం తరమలేదండి. ఢిల్లీలో డబ్బులు రాక ఆగింది. ఆ అబ్బాయి మంచోడు. మన రాయి కూడా మంచిదేనంట," అంది పాపాయి.

"ఎంత వినయం!" అన్నాడు తాతాజీ. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక ఆవిడ శాలువా తీసి, మడతపెట్టి మంచం మీద పెట్టింది.

"చెయ్యని పనికి కప్పారు. వెనక్కిచ్చేద్దామా?"

వీరాస్వామి శాలువా అంచు పట్టుకుని చూసి, ఆలోచించాడు.

"చలికాలం అయ్యాక," అన్నాడు.