వేలికొసల గోరింటాకు

గల్ఫ్‌లో మేముండే మబేలాలో మా కింది వాటాలోకి సూడాన్ యుద్ధం తప్పించుకుని ఒక తల్లీ కూతురూ వచ్చారు. ఆ వాటాలో ఉంటూ దుకాణం నడుపుకునే బంధువు వాళ్ళకు ఒక గది ఇచ్చాడు. చేతిలో ఉన్నది విజిట్ వీసా. అది పొడిగించిన ప్రతిసారీ కాస్త ఊపిరి పీల్చుకునేవారు. ముసలావిడ కొడుకు ఒక చలిదేశంలో స్థిరపడ్డాడు. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయిన వాళ్ళను బంధువులు పిలిపించుకునేలా ఆ దేశం మానవతా వీసాలు ఇస్తోందని ఇద్దరికీ దరఖాస్తు పెట్టాడు. తల్లీ పిల్లలూ ఒక్కచోట ఉండాలి, ఆవిడ ప్రతి నమాజులో అడిగేది అదే. నేనూ నా దీపంలో వాళ్ళ పేర ఒక వత్తి ఎక్కువ వేసేదాన్ని.

వేలిముద్రలకు రమ్మని పిలుపొచ్చిన రోజు ముసలావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. బాల్కనీలో నేను ఏసీ నీళ్ళు పోసి పెంచుకున్న గోరింట కుండీ చూపించింది. మాటలు సగం అరబ్బీ, సగం సైగలు. మిగిలింది కూతురు ఇంగ్లీషులో చెప్పేది.

"కోస్తావా బిడ్డా? శుభవార్త వింటే మా ఆడవాళ్ళం చేతులు బోసిగా ఉంచుకోం."

"మా వైపూ అంతేనమ్మా. మాకిప్పుడు ఆషాఢం, ఎలాగూ పెట్టుకోవాలి."

రుబ్బి, మా పద్ధతిలో వేళ్ళకు టోపీలు పెట్టాను. కూతురు గిన్నెలు తోమాలంటూ చేయివ్వలేదు.

"ఇలా ఉంటే దీనికి మొగుడు దొరికినట్టే," అంది తల్లి.

"ముందు నీకు చూస్తాంలే, కదలకుండా కూర్చో," అంది కూతురు.

ముగ్గురం నవ్వుకున్నాం.

మర్నాడు వేలిముద్రలకు వెళ్ళారు. కూతురి వేలిముద్రలు పడ్డాయి. తల్లివి పడలేదు. అసలే అరిగిపోయిన గీతలు, పైన చిక్కగా పండిన గోరింట. ఎన్నిసార్లు నొక్కినా గాజుపలక మీద మరకే తేలిందట. రంగు పోయాక రమ్మని వేరే తేదీ ఇచ్చారు.

నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి రోజూ తోమాను. మంటపుట్టినా ఆవిడ చేయి లాక్కోలేదు. "ఎంత బాగా పండిందో, నీ చేతి చలవ" అని నన్నే మెచ్చుకునేది. ఆ తేదీ రాకముందే వీసాల కోటా నిండిపోయిందని, వేలిముద్రలు ఇవ్వని వాళ్ళ దరఖాస్తులు ఆపేశారని కొడుకు ఫోన్ చేశాడు. కూతురి వీసా మాత్రం వచ్చింది.

వెళ్ళనని కూతురు మొండికేసింది.

"నువ్వు కూడా ఇక్కడే ఉంటే నన్ను పిలిచేదెవరే?" అంది తల్లి. "బురైమి ఊళ్ళో మా అక్క కొడుకున్నాడు, వాడి దగ్గరుంటా. నాకేం, రెండు రొట్టెలు."

కూతురు విమానమెక్కింది. ఆ సాయంత్రం దీపం వెలిగించి దండం పెట్టకుండానే లేచాను. మా రెసిడెంట్ కార్డులకూ, మా ఆయన ఉద్యోగానికీ రోజూ దేవుడికి దండం పెట్టుకోవడం నాకలవాటు. ఆవిడ ఇక్కడ మిగిలిపోయాక ఆ మాటలు ఎలా చెప్పుకోను అనిపించింది.

"చెప్పుకోవే," అన్నారు మావారు. "నువ్వు మానేస్తే ఆవిడకేమైనా ఒరుగుతుందా?"

చెప్పుకున్నాను, మెల్లగా.

బురైమి వెళ్ళే కారెక్కాక ముసలావిడ కిటికీలోంచి చేతులు చాపింది. వేళ్ళకు ఇప్పుడు రంగన్నది లేదు, గీతలు కనబడుతున్నాయి. గోళ్ళ చివర మాత్రం సన్నగా ఎరుపు మిగిలింది.

"ఈ కాస్తా పోయేలోపు వీసాలు మళ్ళీ తెరుస్తారేమో, మీ దేవుణ్ణి కూడా అడుగు."

అడుగుతానన్నాను. రోజూ అడుగుతూనే ఉన్నాను. ఆ గోళ్ళు ఈపాటికి పెరిగి ఉంటాయి, ఆవిడ కత్తిరించుకునీ ఉంటుంది.