పంపు ఖలాసీ గాబ్రియేలు ఘర్‌మాలక్ అయిన వైనం

చంద్రపూర్ బాబూపేట్‌లో, రైలుపట్టాలకు ఇవతల, ఒకే వరసలో మూడు గదులు లేచి నిలబడిన రోజు గాబ్రియేలు వాటిని రోడ్డుకు అవతలి నుంచి చూశాడు. తర్వాత ఇవతలి నుంచి చూశాడు. తర్వాత పక్కింటివాళ్లను బతిమాలి వాళ్ల మిద్దె ఎక్కి చూశాడు. ఎటు నుంచి చూసినా మూడే ఉన్నాయి. అయినా కడుపు నిండలేదు.

గాబ్రియేలు బొగ్గుబాయిలో పంపు ఖలాసీ. అంటే భూమి లోపల ఊరే నీళ్లను పైకి తోడే మోటారు దగ్గర కూర్చోవడం, అది ఆగితే తిట్టడం, నడిస్తే కునుకు తీయడం. మీసం రాకముందు ఆ పనిలో చేరినవాడు, మీసం నెరిసినా అక్కడే ఉన్నాడు. ఆ కునుకుల్లో వచ్చిన కలే ఈ మూడు గదులు. కలకు బీజం వేసింది మాత్రం వెంకటి. ముందే రిటైరై, మాజ్రిలో నాలుగు గదులు కట్టి అద్దెకిచ్చి, అప్పటినుంచీ ఇస్త్రీ చొక్కా తప్ప తొడగని పాత దోస్తు.

"అరే గాబ్రియేలూ, రూములు గట్టు. కిరాయోళ్లు డ్యూటీకి పోతరు, నువ్వు ఇంట్ల కూసుంటవు. పండుకున్నా పైసలొస్తయ్" అన్నాడు వెంకటి.

"నాకిప్పుడు గూడ పండుకుంటనే వస్తున్నయ్ గదరా."

"అవి మూడేండ్లల బందైతయ్. ఇవి కావు."

ఆ మాటకు గాబ్రియేలు నిద్ర ఎగిరిపోయింది. పీఎఫ్‌లో చేయిపెట్టాడు, సొసైటీలో అప్పు తీశాడు, మేస్త్రీని పట్టాడు.

భార్య మంగతాయి అడిగింది ఒక్కటే. "కడ రూము మనది. అది ఎవ్వలికి ఇయ్యొద్దు."

మంగతాయి పొట్టి మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ కంపెనీ క్వార్టర్లో కాపురం. అక్కడి వంటగట్టు ఎవరో ఆరడుగుల ఇంజనీరు తన పెళ్లాం కొలతతో గీసినట్టుండేది. పీటెక్కి వండింది, పీట దిగి వడ్డించింది. కూతురు క్రిస్టినాను పెంచి గడ్‌చాందూర్‌కు పెళ్లి చేసి పంపేదాకా ఆ పీట మీదనే. క్వార్టర్ గోడకు మేకు కొట్టాలన్నా ఇది మనది కాదే అని మొగుడు అడ్డం పడేవాడు. అందుకని బాబూపేట్‌లో గట్టు కట్టేరోజు ఆమె స్వయంగా వెళ్లి, మేస్త్రీ ముందు నిలబడి, నడుము మీద చెయ్యి అడ్డంగా పెట్టి "గీడిదాక" అని చూపించింది. కిటికీ కూడా ఆమె చెప్పిన చోటే వచ్చింది. రిటైరయ్యాక ఈ గదిలోకి రావడం, తలుపు వేసుకోవడం, తనకు నచ్చినచోట మేకు కొట్టుకోవడం. ఆమె ప్లాను అంతే.

మొదటి గదికి విజయ్‌కుమార్ వచ్చాడు. బస్‌స్టాండు దగ్గర మొబైల్ రిపేరు దుకాణం, ఇంట్లో కొత్త పెళ్లాం. అద్దెకు వచ్చినవాణ్ని ఎలా పరీక్షించాలో గాబ్రియేలుకు తెలియదు. తెలిసింది కంపెనీలో మనుషుల్ని చేర్చుకునే భర్తీ ఒక్కటే. అందుకని అతన్ని ఎండలో నిలబెట్టి పేరు, తండ్రిపేరు, ఊరు అడిగి, చివరికి "దమ్ము గట్టిగ పీల్చు" అన్నాడు.

"ఎందుకు కాకా?"

"ఏం లేదు. ఆరోగ్యం మంచిగున్నదా అని."

విజయ్‌కుమార్ పీల్చాడు, పాసయ్యాడు.

రెండో గదికి రాబిన్సన్. చర్చిలో కీబోర్డు వాయించే బ్రహ్మచారి, ఓ ప్రైవేటు బడిలో లెక్కల సారు. పాస్టరుగారు చెప్పి పంపించారు కాబట్టి దమ్ము పీల్చే పరీక్ష మాఫీ.

పత్రాలు కోర్టు గేటు దగ్గర కూర్చునే దస్తావేజుల రాతగాడు అంజన్న రాశాడు. పదకొండు నెలల అద్దె కరారునామా, మరాఠీలో. రాసినవి చాలవన్నట్టు గాబ్రియేలు సొంత షరతులు కలిపాడు. వెంకటి గదుల్లో ఒకడు మూడో నెలకే చెప్పకుండా ఉడాయించాడని విన్నాడు కదా, "నడుమల ఖాళీ చేసుడు గీసుడు ఉండొద్దు" అని గట్టిగా రాయించాడు. చుట్టాలు మూడు రోజులకు మించి ఉండరాదు అన్నది నాలుగో షరతు. కింద 'ఘర్‌మాలక్', అంటే ఇంటి యజమాని, అన్నచోట సంతకం పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. జీతం రిజిస్టరులో ఇన్నేళ్లు పెట్టిన సంతకానికి ఇంత రుచి ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

ఆ రుచే కొంప ముంచింది.

చివరిదైన మూడో గది ఖాళీగా ఉంది. మంగతాయి ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్లి ఊడ్చి వచ్చేది. గాబ్రియేలు ఆ గదికి వేసిన తాళం చూసినప్పుడల్లా రెండు పళ్ల మధ్య ఒక పన్ను ఊడినట్టు బాధపడేవాడు. ఫిబ్రవరిలో సాయమ్మ వచ్చింది. విరూర్ నుంచి వచ్చి చంద్రపూర్‌లో ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు.

"ఖాళీగ ఉంచుతే ఇల్లు గబ్బిలాలకైతది అన్నా" అంది. "మీకు క్వార్టర్ ఉండనే ఉన్నది. నేను ఒక్కదాన్నే. గిన్నెలు తప్ప నాకు సామాన్లే లేవు."

రిటైర్మెంటుకు రెండేళ్లుంది. పత్రం పదకొండు నెలలు. రెండేళ్లలోంచి పదకొండు నెలలు తీసేస్తే ఇంకా ఏడాది మిగిలే ఉంది. తన తెలివికి తనే మురిసి, మంగతాయికి చెప్పకుండా అంజన్న దగ్గరికి పోయి ఇంకోసారి 'ఘర్‌మాలక్' అయ్యాడు.

ఆదివారం మంగతాయి చీపురు పట్టుకుని వెళ్లేసరికి గదికి వేరే తాళం ఉంది. గుమ్మంలో ఇడ్లీ పాత్రలు బోర్లించి ఉన్నాయి. ఆమె అదే చీపురు పట్టుకుని తిరిగొచ్చింది.

"ఎవ్వలిదయ్యా గా తాళం?"

"పదకొండు నెలలకే ఇచ్చిన మంగా. మనకింక రెండేండ్లున్నది గద."

"క్వార్టర్ల నేను బతికిన ఏండ్లు నీకు సాలలేదా? ఇంక రెండు కలుపుతవా?"

అంతే అంది. మూడు రోజులు అన్నం పెట్టింది కానీ కూర ఏదో చెప్పలేదు. అతను కంచంలో పడ్డది కలుపుకుని తిన్నాడు.

ఏప్రిల్‌లో ఆఫీసు క్లర్కు మారుతి పిలిచాడు. "అరే బాబా, పెన్షన్ కాయితాలు ఏవి? జూన్ ముప్పైకి నీది ఖతం."

"నాది గాదు సార్, ఇంకెవ్వలిదో. నాకింక రెండేండ్లున్నది."

మారుతి సర్వీసు షీటు తిప్పి చూపించాడు. పుట్టిన తేదీ జూలై ఒకటి. సంవత్సరం చూస్తే అతను నిజంగా పుట్టినదానికి రెండేళ్లు ముందు.

"నేను డిసెంబర్ల పుట్టిన సార్! చర్చి రిజిస్టర్ల పక్కా ఉన్నది. ప్రతి డిసెంబర్ నిలబెట్టి పాట గూడ పాడుతరు."

"చర్చిల నువ్వు ఎప్పుడన్న పుట్టు. కంపెనీల మాత్రం జూలై ఒకటికి పుట్టినవ్."

అప్పుడు గుర్తొచ్చింది గాబ్రియేలుకు. పదహారేళ్లప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని భర్తీకి వచ్చాడు. మున్షీ వయసు అడిగాడు. తండ్రి వెనక నుంచి డొక్కలో పొడిచాడు. "పద్దెనిమిది" అని కేక పెట్టాడు. తేదీ తెలియనివాళ్లందరికీ మున్షీ జూలై ఒకటి రాసుకుంటూ పోయాడు. ఆ బాయిలో సగంమంది ఆ రోజే పుట్టారు. కాగితాలు నమ్మితే, ఆ రోజు ఈ చుట్టుపక్కల మంత్రసానులకు ఊపిరాడి ఉండదు. వాళ్లలో మిగతా అందరికీ ఇది గుర్తుంది. పుట్టినరోజు చర్చిలో చేసుకుంటూ వచ్చిన గాబ్రియేలు మాత్రం తన అబద్ధాన్ని తనే మరిచిపోయాడు.

"జనవరిలనే నోటీసు ఇచ్చినం గద" అన్నాడు మారుతి.

ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. మళ్లీ ఏదో హెల్మెట్ సర్క్యులర్ అనుకుని, ఊగుతున్న టీవీ కింద మడిచి పెట్టాడు. టీవీ ఊగడం మానేసింది.

క్వార్టర్ ఖాళీ చేసి తాళంచెవి అప్పగిస్తేనే గ్రాట్యుటీ. అప్పటికే ఆ క్వార్టర్ దక్కబోయే ఎలక్ట్రీషియన్ పెళ్లాన్ని తీసుకొచ్చి, మంగతాయి చూస్తుండగానే, పరదాలకు కొలతలు తీసుకుపోయాడు.

"వేరే ఇల్లు కిరాయికి సూద్దమా?" అన్నాడు గాబ్రియేలు మెల్లగా.

"సొంతంగ మూడు రూములు గట్టి కిరాయికుంటే బాబూపేట్ అంత నవ్వుతది. నవ్వనీ, నాకు ఫరక్ లేదు. గని నేను ఇంకొకల ఇంట్ల పొయ్యి ముట్టియ్య. ఇగ ముట్టియ్య. నా రూము నాకు తెచ్చియ్యి."

మే నెల. చంద్రపూర్ ఎండలో కాకులు కూడా కూలర్ల వెనక కూర్చునే కాలం. ఆ ఎండలో ఘర్‌మాలక్ తన గదుల తలుపులు కొట్టాడు.

విజయ్‌కుమార్ భార్యకు ఏడో నెల. "పానం బాగలేని మనిషిని తీస్కొని యాడికి పోవాలె కాకా? కడుపుతోని ఉన్నప్పుడు ఇల్లు మారొద్దని మా అత్త పానం తీస్తది. నువ్వొచ్చి మా అత్తతోని మాట్లాడు." గాబ్రియేలుకు ఆ అత్త తెలుసు. పక్క తలుపు దగ్గరికి నడిచాడు.

రాబిన్సన్ తలుపు తీసి, సంగతంతా విని, కళ్లు మూసుకున్నాడు. "మీ ఇంటి గురించి ప్రార్థన చేస్త అంకుల్."

"నా ఇంట్ల కూసొని నా ఇంటి గురించి ప్రార్థన చేస్తవారా!"

"యాడ చేసినా పైకే పోతది అంకుల్."

సాయమ్మ పత్రాన్ని బియ్యం డబ్బాలోంచి తీసింది. "నేను సదువుకోలె అన్నా. గని కింద సంతకం నీదే గద? నడుమల ఖాళీ చేసేది లేదని నువ్వే రెండుసార్లు సదివిపిచ్చి ఇనిపిచ్చినవ్. ఈ మాట నమ్మే నేను బండి అడ్డ కాడున్న పాత రూము ఇడ్సిపెట్టి వచ్చిన."

కోర్టు గేటు దగ్గర అంజన్న కళ్లజోడు తుడుచుకున్నాడు. "నేనొద్దన్న. వాళ్లు పోకుండ గొళ్లెం వెట్టు అన్నవ్. వెట్టిన. నువ్వు లోపలున్నవా బయటున్నవా, అది నువ్వు సూస్కోవాలె."

గాబ్రియేలు ఇంటికొచ్చి తువ్వాలు ముఖం మీద వేసుకుని పడుకున్నాడు. మంగతాయి చెప్పులేసుకుని బయల్దేరింది.

సాయమ్మ గుమ్మంలో మినప్పప్పు చెరుగుతోంది. మంగతాయి వెళ్లి పక్కన కూర్చుని, పత్రం మాటే ఎత్తకుండా, చేటలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. రెండు చేటలయ్యాయి.

"వంటగట్టు బాగ కిందికున్నది వదినా" అంది సాయమ్మ. "నడుములు పోతున్నయ్ నాకు."

"నా కొలతకు కట్టిపిచ్చుకున్న."

సాయమ్మ చెయ్యి ఆగింది. "నీదా ఈ రూము? అన్న చెప్పలె."

"ఆయన నాకే చెప్పలె." మంగతాయి లోపలికి తొంగి చూసింది. "మంచం ఎటు దిక్కు ఏసుకున్నవ్?"

"కిటికీ దిక్కు."

"గోడ దిక్కు ఇంకోటి పడ్తదా?"

"పడ్తది వదినా. ఎందుకు పడది? మరి అన్న మంచమో?"

మంగతాయి గదిని ఈ మూల నుంచి ఆ మూలకు కళ్లతో కొలిచింది. నిదానంగా కొలిచింది.

"పడది" అంది.

జూన్ ముప్పైన సన్మానం జరిగింది. శాలువా, కొబ్బరికాయ, గోడగడియారం. మర్నాడు, అంటే కంపెనీవారి ప్రకారం తన పుట్టినరోజున, వానలో గాబ్రియేలు మంచం ట్రాలీ ఆటో దిగి రాబిన్సన్ గుమ్మం ముందు ఆగింది.

"అంకుల్, నాలుగో షరతు ఉన్నది" అన్నాడు రాబిన్సన్ నొచ్చుకుంటూనే. "చుట్టాలు మూడు రోజులకంటే ఎక్కువ ఉండొద్దు."

"నేను చుట్టమా రా?"

"మరేంది అంకుల్?"

చివరికి గాబ్రియేలు సగం కిరాయి మాఫీ చేసి తన ఇంట్లో తాను చేరాడు. పొద్దున అయిదింటికి కీబోర్డు గాబ్రియేలును లేపేది. రాత్రి అతని గురక రాబిన్సన్‌ను లేపేది. ఇద్దరూ సమానంగా నష్టపోయారు.

గోడకు అవతల సంగతి వేరు. మంగతాయి వచ్చిన రోజే మూడు మేకులు కొట్టింది. గట్టు దగ్గర వంట ఆమెది, బండి దగ్గర అమ్మకం సాయమ్మది. సాయమ్మ ఇడ్లీకి మంగతాయి పల్లీ చట్నీ తోడయ్యాక, బస్‌స్టాండు డ్రైవర్లు బండి దగ్గర ఆగి హారన్ కొట్టడం మొదలైంది. మధ్యాహ్నాలు ఇద్దరూ తలుపు వేసుకుని నవ్వుకునేవారు. ఎందుకు నవ్వుతున్నారో గోడకు చెవి పెట్టినా తెలిసేది కాదు. తన గురించే అని గాబ్రియేలు అనుమానం. నిజమే.

జనవరిలో పదకొండు నెలలు నిండాయి. ఆ రోజు గాబ్రియేలు గడ్డం గీసుకుని, పరుపు చుట్టి చంకన పెట్టుకుని, మూడో గది తలుపు తట్టాడు. తన సొంత గది తలుపు తట్టడం అప్పటికి బాగా అలవాటైపోయింది.

సాయమ్మ గిన్నెలు మూటగట్టి కూర్చుంది. మాటంటే మాట. "నా గడువు అయిపోయింది అన్నా, పోత" అంది.

"యాడికి పోతవ్?" అంది మంగతాయి గట్టు దగ్గర్నుంచి వెనక్కి తిరగకుండా. "మూట ఇప్పు. అంజన్నతోని కొత్త కాయిదం రాయిచ్చిన."

"సంతకం నేను వెట్టాలె గద!" అన్నాడు గాబ్రియేలు.

"అందుకే నీకు టిఫిన్ వెడుతున్న. తిని వెట్టు."

"మరి నేనో?"

"నీ గడువు గూడ అయిపోయింది. రాబిన్సన్‌ను అడుగు, ఉంచుకుంటడేమో."

"ఉంచుకుంట ఆంటీ!" గోడ అవతలి నుంచి వినబడింది. "గని గురక గురించి ఒక షరతు రాపియ్యాలె!"

గాబ్రియేలు పరుపు చుట్ట మీదనే కూర్చున్నాడు. ఇడ్లీ పళ్లెం చేతికొచ్చింది. నాలుగు తిన్నాడు. చట్నీ మళ్లీ అడిగాడు. మిద్దె వైపు చూశాడు.

"మంగా, మీద ఒక రూము ఏస్తే ఎట్లుంటదే?"

"ఎవ్వలికి?"

"మనకే. ఒట్టు, మనకే."

మంగతాయి గరిటె పక్కన పెట్టి అప్పుడు వెనక్కి తిరిగింది.

"అట్లయితే ముందు మిద్దె మీద మంచం ఏసి పండుకో" అంది. "నీ సుట్టు గోడలు గట్టమంట మేస్త్రీని."